తప్పనిసరి విశ్రాంతి

పాలేటిరేవు మిషన్ హైస్కూల్లో సోషల్ చెప్పే జ్ఞానసుందరి టీచరు, డిసెంబరు నెల మొదట్లో ఒక మధ్యాహ్నం, నల్లబల్ల మీద వర్షపాత మండలాలు గీస్తూ గీస్తూ రాయలసీమ దగ్గరికి వచ్చేసరికి నుదురు బల్లకి ఆనించి నిలబడే నిద్రపోయింది.

చేతిలో సుద్దముక్క చేతిలోనే ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలు మొదట ఆవిడేదో ఆలోచిస్తోందనుకున్నారు. ఆ తర్వాత, క్రిస్మస్ నెల కదా, ప్రార్థన చేసుకుంటోందనుకున్నారు. సన్నగా గురక వినపడ్డాక అసలు సంగతి అర్థమైంది. ఆ పిల్లలేమీ బుద్ధిమంతులు కారు. వాళ్ల గోల భరించలేక పక్క తరగతి హిందీ పండితులు రోజుకోసారి వచ్చి గుమ్మంలో దణ్ణం పెట్టి వెళ్తుంటారు. అలాంటివాళ్లు ఆ రోజు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. బెంచీ కిర్రుమనిపించిన ఒకణ్ణి మిగతావాళ్లంతా కళ్లతోనే తిట్టారు.

ఆవిడ నిద్రపోవడంలో వింతేమీ లేదు. ఆరు సెక్షన్ల అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు దిద్దింది. మార్కులు ఫోన్లో ఎక్కించింది. ఎక్కించినవి మాయమైతే మళ్లీ ఎక్కించింది. మధ్యాహ్న భోజనాన్ని ఫోటో తీసింది, మరుగుదొడ్లను ఫోటో తీసింది, ఒకదాని ఫోటో ఇంకోదాని స్థానంలో పెట్టినందుకు సంజాయిషీ రాసింది. జూన్‌లో కొలిచిన పిల్లల పాదాలు ఇప్పుడు పెరిగాయేమోనని పైనుంచి అనుమానం వస్తే మళ్లీ కొలిచింది. ఇవన్నీ అయ్యాక సాయంత్రాలు క్రిస్మస్ నాటకం. దేవదూతల రెక్కలు కుట్టడం ఆవిడే, యోసేపు వేషం కట్టే కుర్రాడికి ఆటలమ్మ పోస్తే వాడి డైలాగులు ఇంకొకడికి బట్టీ పట్టించడం కూడా ఆవిడే.

సరిగ్గా ఆ సమయంలో చిదంబరేశం గారు తనిఖీకి వచ్చారు. ఆయన బోధనా ఉత్తేజ విభాగంలో పర్యవేక్షకులు. గుమ్మంలో నిలబడి చూశారు. ఇంకో అధికారి అయితే గట్టిగా దగ్గి, ఒక మెమో ఇచ్చి, తన దారిన తను పోయేవాడు. చిదంబరేశం గారిది మెత్తని మనసు. అదే కొంప ముంచింది. ఆయన మునివేళ్ల మీద వెనక్కి నడిచి, హెడ్మాస్టరు పరంజ్యోతి గారి గదిలోకి వెళ్లి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"పరంజ్యోతి గారూ, ఉపాధ్యాయులు అలసిపోతున్నారండీ! ఈ విషయం ఇంతవరకూ ఏ నివేదికలోనూ మా దృష్టికి రాలేదు."

"ఆ గడి మాకిచ్చిన ఫారంలో లేదండి," అన్నారు పరంజ్యోతి గారు భయంభయంగా. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి ఆయన. ఆ ఏడాదీ ఎవరి దృష్టిలోనూ పడకుండా గడిపేద్దామని రోజూ మోకరించి వేడుకుంటున్నారు.

"లేకపోతే పెట్టిద్దాం. ఈ సమస్యను క్షేత్రస్థాయి నుంచి సమూలంగా నిర్మూలించాల్సిందే," అని చిదంబరేశం గారు కారెక్కారు.

వారం తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో సైన్సు మాస్టారు ఖాదర్ వలీ గొంతు సవరించుకుని దాన్ని పైకి చదివాడు.

"ఉపాధ్యాయులలో అలసటను నివారించు నిమిత్తం 'అలసట రహిత పాఠశాల' పక్షోత్సవాలు నిర్వహించవలెను. ప్రతి ఉపాధ్యాయుడూ ప్రతిదినమూ విధిగా విశ్రాంతి తీసుకొనవలెను. విశ్రాంతి వలన బోధనకు ఆటంకము కలుగరాదు కనుక, సదరు విశ్రాంతిని పాఠశాల వేళల అనంతరం పాఠశాల ఆవరణలోనే తీసుకొనవలెను. విశ్రాంతి తీసుకొనుటలో అలసత్వము వహించినవారిపై శాఖాపరమైన చర్యలు గైకొనబడును."

గదిలో అందరూ జ్ఞానసుందరి వైపు చూశారు.

"నేనేం చేశానండీ?" అందావిడ.

"ఏం చెయ్యలేదు టీచరు గారూ, నిద్రపోయారంతే," అన్నాడు ఖాదర్ వలీ. "ఆ బోర్డుకి కాకుండా కుర్చీకి ఆనుకునుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. మీరు మరీ నిలబడి పడుకున్నారు."

ఆ సాయంత్రం నుంచే విశ్రాంతి మొదలైంది. ఆఖరి గంట కొట్టి, పిల్లలు వెళ్లిపోయాక ఉపాధ్యాయులంతా హాల్లో చాపలు పరుచుకుని పడుకోవాలి. పడుకున్నట్టు ఫోన్లో హాజరు వెయ్యాలి. మొదటి చిక్కు అక్కడే వచ్చింది. హాజరు వేసే ఆ ఫోను కళ్లు తెరిచి రెప్పలాడిస్తే తప్ప మనిషిని గుర్తుపట్టదు. కళ్లు మూసుకుంటే తప్ప విశ్రాంతి కింద లెక్కించదు. పక్కపక్కనే పడుకున్నవాళ్లు ఒకరి ఫోను ఒకరు పట్టుకుని, "ఇప్పుడు తెరవండి, ఇప్పుడు ముయ్యండి, అయ్యో పోయింది, మళ్లీ తెరవండి," అని చీకటి పడేదాకా అరుచుకున్నారు. హిందీ పండితులకి కళ్లు చిన్నవి. ఆయన ఎంత తెరిచినా ఫోను ఆయన్ని నిద్రలోనే ఉన్నట్టు పరిగణించి, స్కూలంతటికీ ఉత్తమ విశ్రాంతుడిగా ఆయన పేరు చూపించింది.

విశ్రాంతి పూర్తయ్యాక దేవదూతల రిహార్సల్.

చిదంబరేశం గారు మళ్లీ వచ్చారు. చాపలన్నీ పరిశీలించి తల పంకించారు.

"మీ విశ్రాంతిలో ఒక పద్ధతి కనిపించట్లేదు. విశ్రాంతి పథకం ఏది? లక్ష్యాలు, బోధనోపకరణాలు, ఆశించిన ఫలితాలు, మూల్యాంకనం?"

"పడుకోవడానికి ఉపకరణాలేంటండీ?" అని అడిగేశాడు ఖాదర్ వలీ.

"దిండు," అన్నారు చిదంబరేశం గారు, అంత చిన్న విషయం తెలియనందుకు జాలిపడుతూ. "స్థానికంగా లభించే వనరులతో మీరే తయారుచేసుకోవాలి."

దాంతో జ్ఞానసుందరి ఇంటికెళ్లాక దిండు కుట్టింది. రేపటి విశ్రాంతికి పథకం రాసింది. 'ఈ విశ్రాంతి ముగిసేసరికి ఉపాధ్యాయిని తాను అలసిపోలేదని స్వయంగా గుర్తించగలుగుతుంది' అని ఆశించిన ఫలితాల దగ్గర రాసి, ఆవలిస్తూ పెన్నుకి మూత పెట్టింది.

ఆవిడ బాధ ఇంకొకటుంది. భర్త ఏసుదాసు పశ్చిమ తీరంలో ఎక్కడో ఓడరేవులో క్రేను నడుపుతాడు. ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్‌కి, నాలుగు రోజులు ఇంటికొస్తాడు. పోయినేడాది ఆ నాలుగు రోజులూ జ్ఞానసుందరి నిద్రపోయింది. అర్ధసంవత్సరం ముగిసిన అలసట అంతా ఒక్కసారి మీద పడింది. ఏసుదాసే వంట చేసుకున్నాడు, ఇంటికి సున్నం వేసుకున్నాడు, చుట్టాలకి కేకు పంచాడు, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, "సుందరీ, నిన్ను చూసుకున్నానులే. పలకరించడం వచ్చే ఏడాది," అన్నాడు. ఆ మాట ఆవిణ్ణి ఏడాది పొడుగునా గుచ్చుతూనే ఉంది. ఈసారి ఏమైనా సరే, మేలుకునుండాలని పట్టుబట్టింది.

పథకాలు రాయడంలో లోపాలున్నాయని తేలి, ఉపాధ్యాయులందరికీ జిల్లా కేంద్రంలో శిక్షణ పెట్టారు. కోడి కూయకముందే బస్సెక్కి వెళ్లారు. 'ప్రభావవంతమైన విశ్రాంతి: మెళకువలు' అన్న అంశం మీద ఒక నిపుణుడు తెర మీద బొమ్మలు చూపిస్తూ పొద్దు వాలేదాకా మాట్లాడాడు. గది చీకటిగా, చల్లగా ఉంది. జ్ఞానసుందరి కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి.

"అమ్మా, నిద్రపోతున్నారా?" అని గద్దించాడు నిపుణుడు. "విశ్రాంతి గురించి ఇంత ముఖ్యమైన విషయం చెబుతుంటే నిద్రపోతారా?"

అందరి మధ్యా ఆవిణ్ణి లేపి నిలబెట్టాడు. ఆవిడ నిలబడే మిగతాదంతా విన్నది. విన్నదని ఆయన అనుకున్నాడు.

ఆ తర్వాత స్కూళ్లకి గ్రేడులిచ్చారు. పాలేటిరేవుకి డి వచ్చింది. నది అవతలి స్కూలుకి ఏ గ్రేడు వచ్చిందని తెలిసి పరంజ్యోతి గారికి రక్తపోటు పెరిగింది. "వాళ్లకంటే మనం తక్కువ అలిసిపోయామా ఏంటండీ!" అని వాపోయారు. అక్కడివాళ్లు ముందురోజు రాత్రి నిద్రమాత్రలు మింగి వచ్చి పడుకున్నారని ఖాదర్ వలీ ఆరా తీసి చెప్పాడు. ఒకాయన్ని లేపడానికి ఆసుపత్రికి తీసుకెళ్లారట, అందుకు అదనపు మార్కులు పడ్డాయట.

డి వచ్చిన స్కూలుకి ఒక అవకాశం ఇచ్చారు. అధికారుల బృందం ఎదుట ఆదర్శ విశ్రాంతి ప్రదర్శించి గ్రేడు పెంచుకోవచ్చు. ఆ ప్రదర్శనకి జ్ఞానసుందరిని ఎంపిక చేశారు. నిలబడే నిద్రపోగల మనిషి పడుకుని నిద్రపోలేదా అని పరంజ్యోతి గారి ధీమా.

హాలు మధ్యలో పరుపు వేశారు. దాని చుట్టూ బంతిపూలు, రంగు కాగితాలు. ఎదురుగా కుర్చీల్లో అధికారులు, పక్క స్కూళ్ల హెడ్మాస్టర్లు. స్వాగత గీతం పాడారు, శాలువాలు కప్పారు, విశ్రాంతి ప్రాముఖ్యాన్ని గురించి నలుగురు ప్రసంగించారు. అప్పుడు జ్ఞానసుందరి పరుపెక్కి పడుకుని, చీర కుచ్చెళ్లు సర్దుకుని కళ్లు మూసుకుంది.

నిద్ర రాలేదు.

నెల పొడుగునా ఎక్కడ పడితే అక్కడ వచ్చిన నిద్ర, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డప్పుడు వచ్చిన నిద్ర, అన్నం కలుపుతుంటే ముద్ద చేతిలో ఉండగానే వచ్చిన నిద్ర ఇప్పుడు ఎంత పిలిచినా రాలేదు. ఇంతమంది తన మొహం చూస్తున్నారన్న ఆలోచన ఒకటి, ఎక్కడో సెల్ ఫోన్ మోగడం ఒకటి. చిదంబరేశం గారు వంగి ఆవిడ కనురెప్పల్ని చూశారు.

"కదులుతున్నాయి," అన్నారు నిరుత్సాహంగా. "ఇది విశ్రాంతి కాదు. ఇది నటన."

పరుపు మీదే పడుకుని జ్ఞానసుందరి ఏడ్చేసింది. అది కూడా కళ్లు మూసుకునే ఏడ్చింది, మార్కులు పోతాయేమోనని.

"టీచర్ గారూ, మీరు బాధపడకండి," అన్నారు చిదంబరేశం గారు. మళ్లీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మిమ్మల్ని ఇలా వదిలేసే ప్రసక్తే లేదు. వెనకబడినవారి కోసం ప్రత్యేక శిబిరం ప్రతిపాదిస్తాను."

ఆయన మాట మీద నిలబడే మనిషి. విశ్రాంతిలో వెనకబడిన ఉపాధ్యాయులందరూ, మిగిలిపోయిన విశ్రాంతిని క్రిస్మస్ సెలవుల్లో స్కూల్లోనే ఉండి పూర్తి చెయ్యాలని ఉత్తర్వు తెచ్చారు. సెలవులు ముగిసేదాకా శిబిరం. పాలేటిరేవు స్కూల్లో దాదాపు అందరూ వెనకబడినవాళ్లే.

"పండగండీ," అన్నారు పరంజ్యోతి గారు, చేతులు నలుపుకుంటూ. "చర్చిలో ఆరాధన ఉంటది."

"మీ మనోభావాలకి పూర్తి గౌరవం ఉంది. అందుకోసం పండగ రోజున సడలింపు కూడా ఉంది. ఆ రోజు విశ్రాంతిని ముందుగానే పూర్తిచేసి వెళ్లి రావచ్చు."

తప్పించుకునే దారి ఒక్కటే ఉంది. తనకి అలసట లేదని పరీక్షలో రుజువు చేసుకున్నవాళ్లని శిబిరం నుంచి వదిలేస్తారు. అయితే అంత ఓపిక ఉన్నవాళ్ల శక్తి వృథా కారాదు కనుక వాళ్లని పశుగణనకి పంపిస్తారు. డ్రిల్లు మాస్టారు తొందరపడి మైదానం చుట్టూ పరిగెత్తి చూపించాడు. ఆయన ప్రస్తుతం కొల్లేటి వైపు ఎక్కడో బాతుల్ని లెక్కపెడుతున్నాడు. లెక్కపెట్టడం పూర్తయ్యేలోగా అవి మళ్లీ నీళ్లలోకి దిగిపోతున్నాయని ఫోన్లో చెప్పాడు.

శిబిరం క్రిస్మస్‌కి ముందురోజు పొద్దున మొదలైంది. ఆదర్శ విశ్రాంతి విఫలం కావడానికి కారణం అధికారుల అలికిడేనని విచారణలో తేలిందిట, అందుకని చిదంబరేశం గారు నిలబడి కొత్త నిబంధన చదివి వినిపించారు.

"శిబిరంలో కళ్లు మూసుకుని ఉన్న ఉపాధ్యాయుని విశ్రాంతిలో ఉన్నట్లే పరిగణించవలెను. విశ్రాంతిలో ఉన్నవారిని ఏ హోదా గల అధికారియైనను పిలువరాదు, తాకరాదు, ప్రశ్నింపరాదు. ఉల్లంఘించినచో కఠిన చర్యలు తప్పవు." కాగితం మడిచి, "మీ మంచికోసం నా చేతులు నేనే కట్టుకున్నాను," అన్నారు.

అందరూ పడుకున్నారు. చిదంబరేశం గారు చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా వరసల మధ్య తిరుగుతున్నారు. జ్ఞానసుందరి దిండు కింద ఫోను వణికింది. తల పక్కకి తిప్పి చాటుగా చూసింది. 'బస్సు దిగాను. ఇంటి తాళం నీ దగ్గరే ఉంది కదా. గుమ్మంలో కూర్చున్నాను' అని ఏసుదాసు.

ఆవిడ కళ్లు మూసుకుంది. గుమ్మంలో, పెట్టె పక్కన పెట్టుకుని, ఎదురింటి వాళ్లు ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి కనపడ్డాడు. పిలువరాదు, తాకరాదు, ప్రశ్నింపరాదు. ఆ మూడు మాటలూ ఆవిడ బుర్రలో ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. సోషల్ టీచరు కదా, హక్కుల పాఠం ఎన్ని ఏళ్లుగానో చెబుతోంది.

కళ్లు తెరవకుండానే లేచి నిలబడింది.

చిదంబరేశం గారు నోరు తెరిచారు. నిబంధన గుర్తొచ్చి మూసేశారు. జ్ఞానసుందరి చేతిసంచీ భుజానికి తగిలించుకుని, చెయ్యి ముందుకు చాచి, తడుముకుంటూ గుమ్మం దాకా నడిచింది. బయట వరసగా ఉన్న చెప్పుల్లోంచి తన జతని కాలితోనే వెతికి తొడుక్కుంది. వెనక ఎవరో లేచిన చప్పుడైంది. ఖాదర్ వలీ ఆవిడ సంచీ తాడు పట్టుకున్నాడు. ఆయన చొక్కా చివర హిందీ పండితులు పట్టుకున్నారు. పండితులు ఆ చిన్న కళ్లు తెరిచే నడుస్తున్నారో మూసుకునే నడుస్తున్నారో తేల్చే మార్గం లేదు. ఆ వెనక మిగతా టీచర్లు, అందరికంటే ఆఖరున, పెదాలు కదుపుతూ పరంజ్యోతి గారు. కళ్లు మూసుకోవడం ఆయనకి కొత్త కాదు.

వరస వరండా దిగి, మైదానంలోకి వచ్చింది. చిదంబరేశం గారు పక్కనే వట్టికాళ్లతో పరిగెత్తుతూ, ఉత్తర్వు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు. పడుకుని విశ్రాంతి తీసుకోవాలని అందులో ఎక్కడా లేదు. నడవకూడదనీ లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఈ ఊరేగింపు చూసి బిత్తరపోయాడు.

"సార్, గేటు వేసెయ్యమంటారా?"

"ష్!" అన్నారు చిదంబరేశం గారు కంగారుగా. "గట్టిగా మాట్లాడకయ్యా! విశ్రాంతిలో ఉన్నారు. చప్పుడు కాకుండా గేటు తెరువు!"

జ్ఞానసుందరి ఇంటికి చేరేసరికి ఏసుదాసు గుమ్మంలోనే ఉన్నాడు. ఆవిడ తాళం తీసింది. టీ పెట్టింది. నల్లబల్లకి నుదురు ఆనించి నిద్రపోయిన దగ్గర్నుంచి బాతుల దాకా, బాతుల నుంచి గేటు దాకా అంతా చెప్పింది. ఏసుదాసు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మళ్లీ చెప్పు, ఆ దిండు సంగతి," అన్నాడు. ఆవిడ మళ్లీ చెబుతూ ఉంటే సగంలో ఊకొట్టడం ఆగిపోయింది. చూస్తే కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతున్నాడు. నాలుగు రోజుల సెలవు కోసం వరసగా రెండేసి షిఫ్టులు చేసి వచ్చాడు. అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. ఆవిడ లేపలేదు. పెరటివైపు కిటికీ దగ్గరికి వేసి, ఎదురుగా పీట వేసుకుని, ఏడాదిగా పోగేసుకున్న మెలకువనంతా పెట్టుకుని ఆయన మొహం చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక ఫోను వణికింది. చిదంబరేశం గారు. సంజాయిషీయో, సస్పెన్షనో అనుకుంటూ వసారాలోకి వెళ్లి భయపడుతూనే ఎత్తింది.

"సార్, నమస్కారమండీ."

అవతల నుంచి రహస్యంగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు వినపడింది.

"టీచర్ గారూ, నేను శిబిరంలోనే ఉన్నానమ్మా. శిబిరాధికారి సెలవులయ్యేదాకా కదలకూడదని నేనే రాశాను. ఇక్కడ ఎవరూ లేరు. ఖాళీ చాపలకి కాపలా కాస్తున్నాను. వాచ్‌మన్ నన్ను వదలనంటున్నాడు, నిబంధనట." గొంతు ఇంకా తగ్గించారు. "రేపు మా మనవరాలి అన్నప్రాసన. మీరు ఎలా నడిచారో కాస్త చెబుతారా?"

జ్ఞానసుందరి వసారా స్తంభానికి ఆనుకుంది. ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠం చెప్పే గొంతు దానంతటదే వచ్చేసింది.

"ఏం భయం లేదు సార్. కళ్లు గట్టిగా మూసుకోండి. చెయ్యి చాచి తిన్నగా నడవండి, వాచ్‌మన్ తనే తెరుస్తాడు. గేటు దాటగానే ఎడమవైపు మురుగుకాలవ ఉంది, మా సైన్సు మాస్టారు మోకాళ్ల దాకా దిగిపోయారు. అక్కడ మాత్రం ఒక కన్ను తెరవండి."